తడి ట్రాక్ మీద రేసు నడపడం: తయారీ నుంచి టైరు మార్పు దాకా

హైదరాబాద్, విజయవాడల నుంచి ట్రాక్ శిక్షణకు వెళ్లే యువతీయువకులు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇది: "వానలో ఎంత నెమ్మదిగా నడపాలి?" ప్రశ్నలోనే పొరపాటు ఉంది. పొడి ట్రాక్ మీద చేసే పనులనే నెమ్మదిగా చేస్తే తడి డ్రైవింగ్ అయిపోదు. నిన్న టైరుకు పట్టు దొరికిన చోట ఈరోజు జారుతుంది, నిన్న ఎవరూ తొక్కని చోట ఈరోజు పట్టు ఉంటుంది. దాన్ని వెతకడమే వానలో డ్రైవరు పని.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చెన్నైలో ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ నెలల్లో శ్రీపెరంబుదూరు దగ్గరి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు వెళ్లేవారు తడి ట్రాక్‌కు సిద్ధపడే వెళ్లాలి. ఇక్కడ చెప్పేవన్నీ మూసి ఉన్న ట్రాక్ కోసమే. వీటిలో ఒక్కదాన్ని కూడా జాతీయ రహదారి మీద సాధన చేయకండి.

## 1. ముందు ఈ లెక్క చూడండి

ఒక మలుపును పొడిలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నారనుకుందాం. వాన పడి పట్టు సగానికి తగ్గింది. మలుపులో వేగం మాత్రం సగానికి పడిపోదు. వేగం పట్టు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి 71 దగ్గర ఆగుతుంది.

బ్రేకింగ్ లెక్క వేరు. ఆ మలుపు వైపు 180 కిలోమీటర్ల వేగంతో వస్తున్నారు. పొడిలో ఒక జీ (భూమ్యాకర్షణకు సమానమైన) బ్రేకింగ్‌తో 100కు తగ్గడానికి సుమారు 88 మీటర్లు చాలు. తడిలో సగం పట్టుతో 71కి తగ్గాలంటే సుమారు 215 మీటర్లు కావాలి. దాదాపు రెండున్నర రెట్లు!

పట్టు ఎంత తగ్గుతుందన్నది టైరును, తారును, నీటి లోతును బట్టి మారుతుంది. నిష్పత్తి మాత్రం గుర్తుంచుకోండి. వానలో మొదట మార్చుకోవలసింది బ్రేకు వేసే చోటు. మలుపులో అవసరానికి మించి భయపడుతూ, బ్రేకింగ్‌లో ఉండవలసిన దానికంటే ఎక్కువ ధైర్యం చేసేవారినే నేను ఎక్కువగా చూస్తుంటాను.

## 2. సంచిలో ఉండవలసినవి

వాన మొదలయ్యాక వెతుక్కుంటే ఏదీ దొరకదు. ముందు రోజు రాత్రే సర్దుకోండి.

- రంగులేని హెల్మెట్ వైజర్. నల్లటి వైజర్ వానలో పనికిరాదు.
- వైజర్ లోపలి వైపు ఆవిరి పట్టకుండా ఆపే పొర లేదా ద్రవం, బయటి వైపు నీరు నిలవకుండా జార్చే ద్రవం
- రెండు పొడి తువ్వాళ్లు, అదనపు గ్లవ్స్, సాక్సులు
- షూ మీద తొడుక్కోవడానికి రెండు ప్లాస్టిక్ సంచులు
- వెడల్పు టేపు
- టైరు గాలి కొలిచే గేజి
- ట్రాక్ పటం, పెన్సిలు

ప్లాస్టిక్ సంచుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. తడి షూతో కారెక్కితే బ్రేకు పెడల్ మీద కాలు జారుతుంది. సీట్లో కూర్చున్న తర్వాతే సంచులు తీసి బయటకు ఇచ్చేయండి. వర్షంలో నేను మొదటిసారి నడిపిన రోజున మూడో మలుపు దగ్గర నా పాదం బ్రేకు మీద నుంచి యాక్సిలరేటర్ అంచుకు జారింది. ఆ ఒక్క క్షణం తర్వాత ఇక ఏనాడూ తడి షూతో కారెక్కలేదు.

వైజర్ మీద చింపి పారేసే పల్చటి పొరలు వాడేవారు వానలో వాటిని తీసేయండి. పొరల మధ్యకు నీరు చేరితే చూపు పూర్తిగా మసకబారుతుంది. పైకప్పు ఉన్న కారైతే ముందు అద్దం లోపలి వైపు కూడా ఆవిరి పట్టకుండా తుడవాలి. వైపర్ల రబ్బరు గట్టిపడిందేమో వేలితో తడిమి చూడండి.

## 3. కారు సర్దుబాట్లు, ఈ వరసలోనే

సమయం తక్కువ ఉన్నప్పుడు ఏది ముందు చేయాలో తెలియక బృందాలు తికమకపడతాయి. నేను పాటించే వరస ఇది.

టైర్లు. పైన చెక్కిన గాళ్లు లేని స్లిక్ (నున్నటి) టైరుకు నీటిని బయటకు నెట్టే దారి ఉండదు. ఫార్ములా వన్‌కు టైర్లు ఇచ్చే పిరెల్లి చెప్పే లెక్క ప్రకారం, 300 కిలోమీటర్ల వేగం దగ్గర నీలి గుర్తున్న ఫుల్ వెట్ (భారీ వాన) టైరు ఒక్కొక్కటి సెకనుకు 85 లీటర్ల నీటిని తోసేస్తుంది. ఆకుపచ్చ గుర్తున్న ఇంటర్మీడియట్ (తక్కువ తడికి వాడేది) 30 లీటర్లు తోస్తుంది. మనం నడిపే కార్ల టైర్లు అంత చేయవు. అయినా ఏ టైరు ఎంత నీటికి సరిపోతుందన్న ఆలోచన అక్కడా ఇక్కడా ఒకటే.

గాలి. వానలో టైరు వేడెక్కదు, కాబట్టి లోపలి గాలి ఒత్తిడి కూడా పొడిలో పెరిగినంత పెరగదు. పొడిలో పరుగు తర్వాత చేరే ఒత్తిడిని వానలోనూ చేరాలంటే చల్లగా ఉన్నప్పుడే కాస్త ఎక్కువ గాలి పెట్టాలి. నీరు నిలిచి ఉంటే దీనికి ఇంకో కారణం కూడా ఉంది. విమాన టైర్ల మీద నాసా చేసిన పరిశోధనల్లోంచి ఒక సూత్రం వచ్చింది: టైరు నీటిమీద తేలడం మొదలయ్యే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరిస్తుంది. లోతైన నీటిలో, గాళ్లు పనిచేయని స్థితిలో, 25 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి ఉన్న టైరు సుమారు 83 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. 28 పెడితే అది 88 అవుతుంది. గాళ్లు బాగున్న టైరు ఇంతకంటే మెరుగ్గా నిలుస్తుంది కానీ, ఒత్తిడి పెంచితే ఎటువైపు మార్పు వస్తుందో దీనివల్ల తెలుస్తుంది. ట్రాక్ ఆరేలా కనిపిస్తే మాత్రం గాలి పెంచకండి, టైరు మరీ వేడెక్కి పాడవుతుంది.

బ్రేక్ బయాస్. పట్టు తగ్గితే బ్రేకు వేసినప్పుడు ముందుకు వాలే బరువు కూడా తగ్గుతుంది. ముందు చక్రాలు తొందరగా బిగుసుకుంటాయి, అంటే తిరగడం ఆగి జారతాయి. అందుకని ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు పంపకాన్ని కొద్దికొద్దిగా వెనక్కు జరపండి. ఒకేసారి ఎక్కువ జరిపితే వెనక చక్రాలు బిగుసుకుని కారు గిర్రున తిరుగుతుంది. ఒక్క మెట్టు జరపడం, రెండు ల్యాపులు (ట్రాక్ చుట్టూ రెండు సార్లు) చూడడం, మళ్లీ జరపడం.

యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీలు), డాంపర్లు (కుదుపును అణిచేవి). రెండింటినీ మెత్తబరచండి. కారు నెమ్మదిగా ఒరిగితే టైరుకు నేలను పట్టుకునే సమయం దొరుకుతుంది, మీకు హెచ్చరిక కూడా ముందే అందుతుంది. ఇంకా సమయం ఉంటే స్ప్రింగులు కూడా మార్చవచ్చు.

ఎత్తు, వింగ్. కారు అడుగుభాగం నీటిని తాకకుండా కొన్ని మిల్లీమీటర్లు లేపండి. గాలితో కారును కిందికి నొక్కే వింగ్ (రెక్క) ఉన్న కారైతే దాని కోణం పెంచండి. వానలో తిన్నని దారిలో పోయే వేగం కంటే మలుపులో నొక్కిపట్టే గాలి విలువైనది.

బ్రేకులను చల్లబరిచే గాలి గొట్టాలు. కొంత భాగం టేపుతో మూయండి. చల్లబడిపోయిన బ్రేకు ప్యాడ్ మొదటి నొక్కులో పట్టదు.

వెనక ఎర్రలైటు. వెలుగుతోందో లేదో వేరొకరిని నిలబెట్టి చూడమనండి. మీ వెనక వచ్చే మనిషి ప్రాణం దానిమీద ఆధారపడి ఉంటుంది. ఈ ఒక్కటి సరిగా లేకపోతే ట్రాక్ మీదకు వెళ్లకండి.

కార్ట్ నడిపేవారికి ప్రత్యేకంగా రెండు మాటలు. కార్ట్ వెనక ఇరుసు ఒకే కడ్డీ, రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో లోపలి వెనక చక్రం కాస్త లేవకపోతే కార్ట్ తిరగదు. వానలో పట్టు చాలక ఆ చక్రం లేవదు. అందుకే ముందు చక్రాల మధ్య దూరం పెంచుతారు, వెనక తగ్గిస్తారు, క్యాస్టర్ (ముందు చక్రాల స్టీరింగ్ ఇరుసు వెనక్కు వాలే కోణం) పెంచుతారు, సీటు పైకి లేపుతారు. మలుపు మొదట్లో స్టీరింగ్ కొంచెం గట్టిగా తిప్పడం, ఒంటిని బయటి వైపుకు వాల్చడం కార్ట్‌లో పనికొస్తాయి. కారులో ఇవి చేయకండి.

## 4. ట్రాక్ చుట్టూ నడిచి రండి

గొడుగు పట్టుకుని అయినా నడవండి. కారులోంచి కనిపించనివి కాళ్లకు తెలుస్తాయి. పటం మీద పెన్సిలుతో ఇవి గుర్తుపెట్టండి:

- నీరు ట్రాక్‌ను అడ్డంగా దాటే చోట్లు
- నీరు గుంటలా నిలిచే చోట్లు
- తారు రంగు మారే చోట్లు, అంటే కొత్త అతుకులు, పాత గరుకు తారు
- రంగు వేసిన గీతలు, కెర్బులు (మలుపు అంచున ఉండే గట్లు), స్టార్టు దగ్గర కార్లు నిలిపే గడుల గీతలు
- ప్రతి మలుపు దగ్గర పక్కకు చూసినా కనిపించే ఆనవాళ్లు: మార్షల్ (జెండాలు చూపే ట్రాక్ సిబ్బంది) గుడిసె, చెట్టు, కంచె చివర

రంగు వేసిన గీత తడిస్తే కోనేటి మెట్ల మీద నాచులా ఉంటుంది. పొడిలో ధైర్యంగా ఎక్కే కెర్బు వానలో శత్రువు.

నీరు ట్రాక్‌ను దాటే చోట్ల విలువ చెప్పడానికి 2003 బ్రెజిల్ ఫార్ములా వన్ రేసు చాలు. ఇంటర్లాగోస్ మూడో మలుపులో ఒకే నీటిపాయ మీద మైకేల్ షూమాకర్‌తో సహా పలువురు ఒకరి తర్వాత ఒకరు జారిపోయారు. 2007లో నూర్‌బర్గ్‌రింగ్ మొదటి మలుపులోనూ అదే జరిగింది. ప్రపంచంలోకెల్లా మంచి డ్రైవర్లు వాళ్లు. అయినా నీటిపాయ నైపుణ్యాన్ని లెక్కచేయదు. అది ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

## 5. మొదటి రెండు ల్యాపులు పరీక్ష కోసమే

వాన మొదలైన తొలి నిమిషాలు అన్నిటికంటే జారుడుగా ఉంటాయి. దుమ్ము, నూనె, రబ్బరు నీటితో కలిసి పైకి తేలుతాయి. గట్టిగా కురిసి కడిగేశాక పట్టు కొంత తిరిగి వస్తుంది.

మొదటి ల్యాపులో ప్రతి తిన్నని దారిలో ఒకసారి బ్రేకును తేలికగా తాకండి. డిస్కు మీది నీటి పొర తుడుచుకుపోతుంది, ప్యాడ్ కాస్త వేడెక్కుతుంది. తర్వాత స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు, వెనక ఎవరూ లేరని చూసుకుని, చక్రాలు బిగుసుకునే అంచు వరకు ఒక్కసారి నొక్కి చూడండి. ఆ రోజు పట్టు ఎంతుందో అంకె మీ పాదానికి అందుతుంది.

రెండో ల్యాపులో లైన్లు, అంటే మలుపులో కారు పోయే దారులు, మార్చి చూడండి. ఒక మలుపును మామూలు లైన్ మీద, మరోదాన్ని ఒక కారు వెడల్పు బయటగా. ఎక్కడ స్టీరింగ్ బరువుగా అనిపిస్తుందో అక్కడ పట్టు ఉంది. చేతుల్లో స్టీరింగ్ తేలికైందంటే ముందు చక్రాలు నేలను వదులుతున్నాయని అర్థం.

## 6. లైన్ ఎక్కడుంది?

ఈ గైడులో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసిన భాగం ఇదే.

పొడి ట్రాక్ మీద కార్లన్నీ ఒకే దారిలో తిరిగి తిరిగి అక్కడ రబ్బరు పూత వేస్తాయి. పొడిలో అది పట్టునిస్తుంది. తడిస్తే అదే పూత నున్నగా జారుతుంది. వేలాది టైర్లు తొక్కడం వల్ల అక్కడి తారులోని రాళ్లు కూడా నునుపెక్కి ఉంటాయి. దాని పక్కన, ఎవరూ తొక్కని తారు గరుకుగానే ఉంటుంది. వానలో మీకు కావలసింది ఆ గరుకు.

దీన్ని మెట్లుగా ఇలా చేయండి:

1. మామూలు బ్రేకింగ్ దారికి అరకారు లేదా ఒక కారు వెడల్పు పక్కన బ్రేకు వేయండి.
2. పొడిలో లోపలికి తిరిగే చోట తిరగకండి. బయటి అంచున ఇంకాస్త దూరం వెళ్లండి.
3. కారును నెమ్మదించి, మలుపును ఆలస్యంగా, మూలలా తిప్పండి.
4. పాత లైన్‌ను దాటవలసి వస్తే వీలైనంత అడ్డంగా, స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు దాటండి. నున్నటి పూత మీద ఎక్కువ సేపు ఉండకూడదు.
5. బయటకు వచ్చేటప్పుడు కెర్బు దాకా పోకండి. దానికి అడుగు దూరంలోనే ఉండండి.

నెమ్మది మలుపుల్లో, మధ్యస్థ మలుపుల్లో ఇది బాగా పనిచేస్తుంది. చాలా వేగమైన మలుపుల్లో మాత్రం పాత లైన్‌కు దగ్గరగానే ఉండడం మేలు కావచ్చు. అక్కడ దారి వంపు ఎంత తక్కువుంటే అంత వేగం. బయటి దారిలో ఆలస్యంగా తిప్పితే వంపు పెరుగుతుంది. ఏది మేలన్నది మీ సెక్టార్ టైములే (ట్రాక్‌లో ఒక్కో భాగానికి పట్టిన సమయాలే) చెప్పాలి.

2016 బ్రెజిల్ రేసు వీడియో దొరికితే మాక్స్ వెర్‌స్టాపెన్ కారును మాత్రమే చూడండి. మిగతావారు పాత లైన్‌ను పట్టుకుని ఉంటే అతను బయటి అంచుల వెంట పట్టు వెతుక్కుంటూ, చివరి ల్యాపుల్లో ఒక్కొక్కరినీ దాటి మూడో స్థానానికి వచ్చాడు. 1993లో డోనింగ్టన్‌లో అయర్టన్ సెన్నా నాలుగో స్థానం నుంచి బయలుదేరి, ఐదుకు పడి, మొదటి ల్యాపు పూర్తయ్యేసరికి అందరికంటే ముందున్నాడు. చూసి ఆశ్చర్యపోవడంతో ఆగకండి. కాగితం మీద ట్రాక్ గీసి, ఒక్కో మలుపులో అతని చక్రాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టండి. అది పాఠం.

## 7. బ్రేకు, స్టీరింగ్, యాక్సిలరేటర్

నెత్తిమీద నిండు బిందెతో నడిచే మనిషిని గుర్తుచేసుకోండి. అడుగు వేగంగా వేయగలరు, కానీ కుదుపు ఉండదు. కారు బరువు కూడా ఆ నీరే. తొణికితే పట్టు పోతుంది.

బ్రేకు. పొడిలో మొదటి నొక్కే గట్టిది. తడిలో మొదట తేలికగా నొక్కి, బరువు ముందు చక్రాల మీదకు చేరాక ఒత్తిడి పెంచండి. మలుపు దగ్గర పడేకొద్దీ వదులుతూ రండి. చక్రం బిగుసుకుంటే పెడల్ పూర్తిగా వదలకండి, కాస్త సడలించి మళ్లీ నొక్కండి.

గేరు. కింది గేర్లకు తొందరపడకండి. ఇంజను వేగాన్ని చక్రాల వేగంతో కలపకుండా గేరు దించితే ఇంజనే బ్రేకై వెనక చక్రాలను బిగిస్తుంది. మలుపులోంచి బయటకు రావడానికి పొడిలో వాడే గేరు కంటే ఒకటి పైది వాడి చూడండి. చక్రాలకు చేరే బలం తగ్గుతుంది, జారడం తగ్గుతుంది.

స్టీరింగ్. ముందు చక్రాలు జారుతుంటే ఇంకా తిప్పాలనిపిస్తుంది. అది తప్పు. కాస్త వెనక్కు విప్పండి, యాక్సిలరేటర్ సడలించండి, పట్టు దొరికాక మళ్లీ తిప్పండి. ఇది చేతులకు అలవాటు కావడానికి కాలం పడుతుంది. మనసు ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

యాక్సిలరేటర్. స్టీరింగ్ విప్పుతున్న కొద్దీ పాదం నొక్కండి. వెనక చక్రాలు గిర్రున తిరిగితే పాదం ఒక్కసారిగా ఎత్తకండి. ఎత్తితే బరువు ముందుకు దూకి వెనక భాగం ఇంకా తేలికవుతుంది. సగానికి సడలించండి.

వెనక భాగం జారితే. వెళ్లాలనుకున్న వైపు చూడండి, స్టీరింగ్ అటు తిప్పండి, కారు నిలదొక్కుకుంటున్న క్షణంలోనే స్టీరింగ్ నిటారు చేయండి. చాలామంది మొదటి జారుడును సరిచేస్తారు, రెండో వైపు ఊగినప్పుడు గోడకు తగులుతారు. స్టీరింగ్ తిరిగి తెచ్చే వేగం చాలకపోవడమే దానికి కారణం.

ఇక ఆగదని తెలిసినప్పుడు. క్లచ్, బ్రేకు రెండూ పూర్తిగా నొక్కి పట్టండి. బిగుసుకున్న కారు ఎటు పోతుందో ఇతరులు అంచనా వేయగలరు. మధ్యలో బ్రేకు వదిలితే కారు మళ్లీ ట్రాక్ మీదకు దొర్లుతుంది.

రెండు చక్రాలు గడ్డిలోకి దిగితే. తడి గడ్డిలో పట్టు ఉండదనే అనుకోండి. ట్రాక్ మీదకు గుంజకండి. నిటారుగా ఉంచి, వేగం తగ్గాక నెమ్మదిగా రండి.

## 8. నీటిమీద తేలినప్పుడు

స్టీరింగ్ ఒక్కసారిగా తేలికవుతుంది. వెనక చక్రాలతో నడిచే కారైతే ఇంజను శబ్దం హఠాత్తుగా పెరుగుతుంది. ఆ క్షణంలో:

1. స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి.
2. పాదాన్ని నెమ్మదిగా సడలించండి.
3. బ్రేకు వేయకండి.
4. ఆగండి.

నాలుగోది కష్టమైనది. స్టీరింగ్ తిప్పి ఉంచితే, టైరు మళ్లీ నేలను పట్టుకున్న క్షణంలో కారు అటువైపు దూకుతుంది. పటం మీద గుర్తుపెట్టిన నీటిపాయల దగ్గర దాటకముందే బ్రేకు ముగించాలి, దాటాక మళ్లీ పాదం పెట్టాలి.

## 9. ముందు కారు లేపే నీటితెరలో

సరిగ్గా వెనక నడిస్తే ఏమీ కనిపించదు. సగం కారు వెడల్పు పక్కకు జరిగి ఉండండి. ముందు చూపు పోయినప్పుడు పక్కకు చూసి, నడిచినప్పుడు గుర్తుపెట్టిన చెట్టును, మార్షల్ గుడిసెను పట్టుకోండి. ముందున్న ఇంజను శబ్దం వినండి. ముందు డ్రైవరు పాదం ఎత్తినట్టు వినబడితే మీరూ ఎత్తండి.

ఎర్రలైటు కనిపించడం మానేస్తే దూరం పెంచండి. స్థానం తర్వాత సంపాదించుకోవచ్చు.

## 10. స్టార్టు

పొడిలో కంటే తక్కువ ఇంజను వేగం, క్లచ్ ఎక్కువసేపు జారనివ్వడం, పాదం నెమ్మదిగా. బలమైన కారైతే రెండో గేరులో బయలుదేరే విషయం సాధనలోనే పరీక్షించండి. వెనక చక్రాలు రంగు గీత మీద ఉండకుండా కారు నిలపండి.

## 11. టైరు ఎప్పుడు మార్చాలి?

రేసులు ఎక్కువగా గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. నిర్ణయం డ్రైవరు, పిట్‌లోని (టైర్లు మార్చే చోట ఉన్న) మనిషి కలిసి తీసుకోవాలి. కారులో ఉన్నవారికి ఈ మలుపు మాత్రమే తెలుసు. పిట్‌లో ఉన్నవారికి ఆకాశం, అందరి టైములు తెలుసు.

2021 సోచీ రేసులో కొద్ది ల్యాపులే మిగిలి ఉండగా వాన మొదలైంది. ముందున్న లాండో నోరిస్ స్లిక్ టైర్ల మీదే కొనసాగాడు. లూయిస్ హామిల్టన్ ఇంటర్మీడియట్లకు మారి గెలిచాడు. నోరిస్ ఏడో స్థానానికి పడిపోయాడు. నోరిస్ చేసినది మూర్ఖత్వం అనను. వాన అంతటితో ఆగి ఉంటే అతనే గెలిచేవాడు. కానీ అతని ఇంద్రియాలు ఇప్పుడున్న తడిని చెప్పాయి, నిర్ణయం మాత్రం రెండు ల్యాపుల తర్వాతి తడిని బట్టి జరగాలి.

రేసుకు ముందే ఇవి రాసుకోండి:

- స్లిక్‌ల మీద పొడి ల్యాపు టైము
- వెట్ టైర్ల మీద తడి ల్యాపు టైము
- పిట్‌కు వెళ్లిరావడానికి పోయే సెకన్లు
- ఏ మలుపు ముందు తడుస్తుంది, ఏది చివర ఆరుతుంది

తర్వాత పిట్‌లోని మనిషి ఒక్క పని చేయాలి: ముందుగా టైరు మార్చిన కారు సెక్టార్ టైములను మీ టైములతో పోల్చాలి. కొత్త టైరు వేడెక్కడానికి పట్టే మొదటి ల్యాపును లెక్కలోంచి తీసేయాలి. రెండో ల్యాపులో ఆ కారు మీకంటే వేగంగా ఉంటే ఆలస్యం చేయకండి.

అరిగిన టైరు మీద "ఇంకొక్క ల్యాపు" అనేది ఖరీదైన మాట. 2007లో చైనా రేసులో పూర్తిగా అరిగిన టైర్లతో పిట్‌లోకి తిరుగుతూ హామిల్టన్ కంకరలో చిక్కుకున్నాడు. పదమూడేళ్ల తర్వాత, 2020లో ఇస్తాంబుల్‌లో, అదే హామిల్టన్ ఇంటర్మీడియట్ టైర్లు గాళ్లు పోయి నున్నబడే దాకా నడిపి గెలిచాడు. తేడా ట్రాక్‌లో ఉంది. ఇస్తాంబుల్‌లో నిలిచిన నీరు తగ్గిపోయి, చల్లటి తడి తారు మాత్రమే మిగిలింది. టైరు అరిగిందా అన్నది సగం ప్రశ్నే. ట్రాక్ మీద ఇంకా తోసేయవలసిన నీరు ఉందా అన్నది మిగతా సగం.

కొన్ని పోటీల్లో ఈ ప్రశ్నే ఉండదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకు తడికీ పొడికీ ఒకే గాళ్ల టైరు.

## 12. ట్రాక్ ఆరుతున్నప్పుడు

కార్లు తిరిగే దారి ముందు ఆరుతుంది. అంటే ఇప్పటిదాకా వదిలేసిన పాత లైన్‌కు మెల్లగా తిరిగి రావాలి. ఒక్కో మలుపు వేర్వేరు సమయంలో ఆరుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి మార్చకండి.

వెట్ టైరు పొడి తారు మీద వేడెక్కి ముక్కలు ఊడుతుంది. తిన్నని దారిలో, స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు, తడి మిగిలిన పక్కకు వెళ్లి టైరును చల్లబరచండి. బ్రేకు వేసే ముందు ఆరిన చోటికి వచ్చేయండి.

స్లిక్‌లకు మారాక మొదటి ల్యాపులో ఒక చక్రం కూడా తడి పట్టీ మీద పడకూడదు. ఆరిన దారి ఒక్క కారు వెడల్పే ఉంటుంది. దాటాలనుకుంటే ఓపిక పట్టండి.

## 13. తరచు చూసే పొరపాట్లు, సవరణలు

- స్టీరింగ్‌ను బిగించి పట్టుకోవడం. బిగుసుకున్న చేతులకు టైరు చెప్పేది వినబడదు. ప్రతి తిన్నని దారిలో వేళ్లు ఒకసారి వదులు చేయండి, గట్టిగా ఊపిరి వదలండి. వైజర్ మసకబారితే కొద్దిగా తెరవండి.
- ఒక లైన్ దొరికాక దానితోనే ఉండిపోవడం. ఐదు ల్యాపుల తర్వాత నీరు మారుతుంది. రెండు ల్యాపులకోసారి ఏదో ఒక మలుపులో కొత్త చోటు తాకి చూడండి.
- బ్రేకు, స్టీరింగ్ రెండూ కలిపి వాడడం. మొదటి రోజుల్లో బ్రేకు పూర్తిగా వదిలాకే తిప్పండి. కలపడం తర్వాత నేర్చుకోవచ్చు.
- అన్ని సర్దుబాట్లూ ఒకేసారి మార్చడం. ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి మార్చండి, రాసుకోండి.
- దాటిన వెంటనే పాత లైన్ మీదకు దూకడం. బయటి గరుకు మీద ఉన్న పట్టు అక్కడ ఉండదు.

## 14. ఆపవలసిన సమయం

పసుపు జెండాలు రెండు ఊపుతున్నారంటే ట్రాక్ మీద మనుషులు ఉండవచ్చు. ఆగగలిగేంత నెమ్మదించండి. 2014లో సుజుకాలో రెండు పసుపు జెండాలు ఊపుతుండగా ఫార్ములా వన్ డ్రైవరు జూల్స్ బియాంకీ కారు తడి మీద జారి, మరో కారును తొలగిస్తున్న యంత్రాన్ని ఢీకొంది. తొమ్మిది నెలల తర్వాత ఆయన మరణించాడు. జెండా దగ్గర కోల్పోయే సెకన్లకు ఎవరూ లెక్క అడగరు.

నీటితెరలో ఎదుటి లైటు కనిపించకపోతే, తిన్నని దారిలో కూడా కారు తేలుతుంటే, పిట్‌లోకి వచ్చేయండి. ఎవరు ఏమన్నా సరే.

## 15. కారు దిగాక

ఆ సాయంత్రమే చేయవలసినవి:

- సీటు బెల్టులు, హెల్మెట్ లోపలి మెత్తలు, గ్లవ్స్ ఫ్యాను కింద ఆరబెట్టండి. తడి బెల్టును మూసిన సంచిలో ఉంచకండి.
- బ్రేకు ప్యాడ్లు, చక్రాల బేరింగులు విప్పి చూడండి. ఇసుక చేరి ఉంటుంది.
- వైరింగ్ జాయింట్లలోకి చేరిన నీటిని గాలితో ఊదండి.
- టైర్లకు తేదీ, ఎన్ని ల్యాపులు తిరిగాయో సుద్దతో రాయండి.
- ట్రాక్ పటం మీద ఆరోజు పట్టు దొరికిన చోట్లను వేరే రంగుతో గుర్తుపెట్టండి. వాన ఎంత కురిసింది, గాలి ఒత్తిడి ఎంత పెట్టారు, బయాస్ ఎక్కడ ఆగింది, ఏ మలుపు చివర ఆరింది అన్నవి పక్కనే రాసి, ఆ పటాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మళ్లీ అదే సంచిలో ఉంచండి.